పెద్ద వేట మర్నాడు

మా తమ్ముడి కొడుకు శీను ఈ ఉదయం బోటెక్కబోతూ మందు సీసా మూత తీశాడు. నిమ్మకాయ వాసన వసారా దాకా వచ్చింది. తాగేది వాడైనా ఆ చేదు ఉప్పదనం నా నాలుక మీదికే వచ్చినట్టయింది. వాడు ముఖం చిట్లించి మింగి, సీసాను తువ్వాలులో చుట్టుకుని వెళ్లిపోయాడు. వాడికది అలవాటైన మందు. నాకు మాత్రం ఆ వాసన తగిలితే డాక్టరు ఎస్తేరు గారు వచ్చి ఎదురుగా నిలబడినట్టే ఉంటుంది.

పోయినవాళ్లందరినీ మంచివాళ్లని చెప్పడం నాకు చేతకాదు. ఎస్తేరు గారు కోపిష్టి. చేప మొప్పలు ఎత్తి చూడకుండా ఏనాడూ కొనలేదు. నెల్లూరులో ఒక ఆసుపత్రిలో పనిచేసేవారు. ఒక పూట రోగులను చూసేవారు, ఇంకో పూట రోగం ఎక్కడ పుడుతుందో వెతికేవారు. ఆ రెండో పని ఏమిటో నాకు చాలాకాలం అర్థం కాలేదు. వచ్చిన రోగాన్ని తగ్గించాలి గాని, దాని పుట్టుక మనకెందుకు అనుకునేదాన్ని. విడవలూరు వైపు మా ఊరి నుంచి చేపల గంప తీసుకుని బస్సులో నెల్లూరు పోయి వీధుల్లో అమ్మే ఆడదాన్ని నేను. ఆమె నా దగ్గర కొనే మనిషి. అంతకుమించి మా మధ్య ఏమీ లేదు.

అమ్మ పోయాక తమ్ముడు పోలయ్యను పెంచింది నేనే. మీసాలు వచ్చే వయసుకు పెద్దవల లాగేవాళ్లలో చేరాడు. మా ఊళ్లో పెద్ద వేట పడితే బోటు యజమాని ఇంటి ముందు అందరికీ భోజనం పెడతారు. పొద్దంతా వల లాగినవాళ్లు కడుపు పట్టినంత అన్నం తిని ఇసుకలోనే ఒళ్లు వాలుస్తారు. తెల్లవారి అందరూ లేచేవారు, మావాడు లేచేవాడు కాదు. చూపు బాగుండేది, మాట బాగుండేది. కాళ్లూ చేతులూ మాత్రం తడి ఇసుక నింపిన గోతాల్లా పడి ఉండేవి. సాయంత్రానికి తనంతట తనే లేచి నడిచేవాడు. మా కొంప ముంచింది అదే. ఆసుపత్రికి తీసుకుపోతే అక్కడికి చేరేలోపే కాళ్లు వచ్చేవి. ఏమీ లేదని పంపేసేవారు. ఊళ్లో కొందరు అమ్మవారు పట్టిందన్నారు, ఎక్కువమంది నటన అన్నారు. మా నాయనకూ ఇట్లాగే వచ్చేది. సోమరిపోతు అనిపించుకుంటూనే ఆయన కాటికి పోయాడు. చివరికి బోటు యజమాని కొండయ్య మామ, సముద్రం మధ్యలో పడిపోతే ఎవరు జవాబు చెబుతారని తమ్ముణ్ణి బోటెక్కవద్దన్నాడు. సముద్రం తప్ప ఇంకే పనీ ఎరగని పిల్లవాడు. ఆ రోజు నుంచి ఒడ్డు వైపు ముఖం పెట్టడమే మానేశాడు.

వాణ్ణి బోటెక్కవద్దనడానికి కొన్నాళ్ల ముందు ఒక పొద్దున నేను గంప దించుతుంటే ఎస్తేరు గారు ఒక మాట అడిగారు.

"అంకమ్మా, పెద్ద వేట పడిందని మిగతా ఆడవాళ్లు నిండు గంపలతో వస్తారే, ఆ రోజే నువ్వు రావెందుకు?"

నాకు ఒళ్లు మండింది. "ఇంట్లో తమ్ముడు పీనుగ మాదిరి పడుంటాడమ్మా. నోట్లో నీళ్లు పొయ్యడానికి నేనుండొద్దా?"

ఆమె చేతిలో చేప గంపలో పెట్టేశారు. "పడిపోవడానికి ముందు రోజు ఏం జరుగుతుంది? మొత్తం చెప్పు" అన్నారు. వల లాగడం, భోజనం, నిద్ర అన్నీ చెప్పాను. అన్నం ఎంత తింటాడో కూడా గుచ్చి గుచ్చి అడిగితే, దిష్టి తగులుతుందేమోనని తగ్గించి చెప్పాను. ఆమె చెయ్యి మీద పొలుసులు ఎండిపోయాయి. చేపలు కొనడం మరిచి లోపలికి వెళ్లిపోయారు.

తర్వాత తమ్ముణ్ణి పిలిపించి నెత్తురు పరీక్ష చేశారు. అంతా బాగుంది. రోగం వచ్చి ఉన్నప్పుడు చూస్తే గాని పట్టుబడదని, కాబట్టి ఆసుపత్రిలోనే దాన్ని రప్పించాలని ఆమె ఆలోచన. గుండెకు ప్రమాదం ఉందని దాచకుండా చెప్పారు. యంత్రం పెట్టి చూస్తుంటానని, విరుగుడు పక్కనే ఉంటుందని చెప్పి, విన్నదంతా తమ్ముడి చేత వాడి మాటల్లో తిరిగి చెప్పించుకున్నారు. వద్దంటే తనేమీ అనుకోనన్నారు. నేను వద్దనే అనబోయాను.

"రానీండమ్మా" అన్నాడు తమ్ముడు. "ఇన్నాళ్లూ ఎవురూ నమ్మలా. మీరు చూస్తా ఉండంగా ఒక్కసారి రానీండి. మా కొండయ్య మామను గూడా పిలవండి."

కొండయ్య మామ వచ్చాడు, తెల్ల చొక్కా వేసుకుని, తీర్పు చెప్పడానికి వచ్చినట్టు. తమ్ముడికి చక్కెర నీళ్లు ఎక్కించారు, బాగా అన్నం తింటే ఒంట్లో ఏం జరుగుతుందో అదే జరిపించే మందు ఇచ్చారు. చాలాసేపు ఏమీ కాలేదు. తర్వాత కాలి వేళ్లు ఆగిపోయాయి, ఆ పైన మోకాళ్లు. మామ వంగి వాడి పిక్క గట్టిగా గిల్లాడు.

"ఏరా, నిజంగానే కదల్లేదా?"

"నువ్వే ఎత్తి చూడు మామా" అన్నాడు తమ్ముడు. కాలు పడిపోయినందుకు నవ్విన మనిషిని నేను వాణ్ణి తప్ప ఇంకెవర్నీ చూడలేదు.

ఎస్తేరు గారు నవ్వలేదు. ఆమె కళ్లు గుండె యంత్రం మీదే ఉన్నాయి. నెత్తురు పరీక్ష చెప్పింది: పొటాషియం అనే ఉప్పు అడుగంటిపోయింది. అప్పుడు ఈ నిమ్మవాసన మందే కొద్దికొద్దిగా తాగించారు. మధ్యాహ్నం దాటాక బొటనవేలు కదిలింది. పొద్దు వాలకముందే వాడు మంచం దిగి నిలబడ్డాడు. మామ నా వైపు తిరిగి తల వంచుకుని, "అయితే మీ నాయన గూడా నటించలేదన్నమాటమ్మే" అన్నాడు.

కండకు తలుపులు ఉంటాయట. మా ఇంటివాళ్లలో కొందరికి ఆ తలుపు పుట్టుకతోనే వంకర. ఒళ్లు అలిసేలా పనిచేసి, అన్నం ఎక్కువ తిని పడుకుంటే నెత్తురులోని ఆ ఉప్పు కండలోకి జారిపోతుంది, కండ మొద్దుబారుతుంది. ఎస్తేరు గారు ఇట్లా చెప్పారు. మా ఇంటిల్లిపాది నెత్తురూ తీసుకుని ఏళ్ల తరబడి వెతికి, ఆ వంకర సరిగ్గా ఎక్కడుందో పట్టుకున్నారు. ఆ కబురు చెప్పడానికి తనే మా ఊరు వచ్చారు. ఇది ఎవరి పాపమూ కాదని మా గుమ్మంలో నిలబడి పది ఇళ్లకు వినపడేట్టు చెప్పారు. రోగం పుట్టుక తెలియడం ఎందుకో నాకు ఆ రోజు తెలిసింది.

నాకు అక్షరాలు వచ్చింది కూడా ఆమె మొండితనం వల్లే. మందు ఎక్కువైతే గుండె ఆగుతుందని, చదవడం రాని చేతికి సీసా ఇవ్వనని తేల్చి చెప్పారు. సీసా మీద తెలుగులో రాసి అంటించి, నా గంప పక్కనే కూర్చుని దిద్దించారు. నలభై దాటినదాన్ని, వీధిలో సిగ్గుపడ్డాను. "తూకం చూడ్డానికి సిగ్గుపడతావా? ఇదీ అంతే" అన్నారు. అమ్మ, ఆవు కన్నా ముందు నేను చదివిన మాట పొటాషియం.

ఇప్పటికీ ఎవరైనా వచ్చి మా పిల్లకు గాలి సోకిందంటే, దానికి ముందు రోజు ఏం జరిగిందో చెప్పమంటాను. ముసలిదానికి ఆరాలు ఎక్కువని విసుక్కుంటారు. విసుక్కుంటూనే చెబుతారు. విని, ఆసుపత్రికి తోలుతాను.

ఎస్తేరు గారు ఇప్పుడు లేరు. తమ్ముడు ఒళ్లు సహకరించినంత కాలం కొండయ్య మామ బోటు మీదే పనిచేశాడు. శీనుకూ ఆ వంకర ఉందని పరీక్షలో ముందే తేలింది, అందుకే మొదటి నుంచీ మందు తాగుతూ ఒక్కసారి కూడా పడిపోలేదు. ఇప్పుడు బోటు నడిపేది వాడే. మొన్న పెద్ద వేట పడింది. భోజనాల్లో వడ్డించేవాళ్లు వాడి విస్తరి దగ్గరికి రాగానే ముసలి కొండయ్య మామ కుర్చీలోంచే కేకేశాడు. "వాడికి కూడు తగ్గించి చేప ముక్కలెయ్యండ్రా, రేపు బోటు మీరు తోల్తారా?" అందరూ నవ్వారు, అందరికంటే గట్టిగా శీను.

మర్నాడు తెల్లవారుతూనే ఇంజను చప్పుడు వినిపించింది. పెద్ద వేట మర్నాడు నేనిప్పుడు ఇంట్లో ఉండను. ఒడ్డున ఉంటాను.