నాది కాని జవాబు

నలభై మంది పిల్లలచేత ఒక నవల పేరును పల్లికాయలా ఒలిపించి, లోపలి గింజను చూపించిన పంతులు ఈ చుట్టుపక్కల నేనొక్కణ్ణే. ఈ మాట ఎన్ని టీకొట్ల దగ్గర చెప్పానో! చెప్పినప్పుడల్లా ఛాతీలో ఒక రాయి కదిలేది. ఆరేళ్లుగా మోస్తున్నాను. మీతో దాపరికం ఎందుకు? నలభై మంది కాదు, పంతొమ్మిది మంది. ఒలిపించిందీ నేను కాదు.

2003. బల్మూర్ వైపు ఒక బడి, ఆరో తరగతి. పిల్లల నవల పేరు ‘ఇంటిని మోసిన పిల్ల’. ఆ పేరుకు అర్థం మీరే వెతకండని గొప్పగా అన్నాను. నిజానికి నేనే పదో పేజీ దాటలేదు. ఒకడు నత్త అన్నాడు. ఇంకొకతి బొమ్మరిల్లు అంది. నేను నత్త వైపే మొగ్గాను.

అప్పుడు బాలమణి లేచింది. ఏటా బొంబాయి పనికి వలసపోయే వాళ్ల బిడ్డ.

“గోడలు ఏడికి పోతే ఆడ మారుతయి సార్. మా తమ్ముడు నా సంకల ఉంటే గదే మా ఇల్లు. గా పిల్ల మోసింది తమ్ముణ్ణే.”

“నీ తెలివి చాలు, కూసో!” అన్నాను. క్లాసంతా నవ్వింది.

ఆ సాయంత్రం చివరి పేజీ చదివాను. అచ్చం ఆ పిల్ల చెప్పిందే. ఆమె పుస్తకం చదివిందా, చదవకుండానే తెలిసిందా?

మర్నాడే పిలిచి తప్పు నాదని చెప్పాల్సింది. ఎందుకు చెప్పలేదు? వారం తిరక్కుండా పాఠం చూడటానికి అధికారులు వచ్చారు. అదే ప్రశ్న వేశాను. బాలమణి చెయ్యెత్తింది. చూడనట్టు నటించి, ఆమె మాటను నా మాటగా చెప్పేశాను. చప్పట్లు. శాలువా. దసరా తర్వాత ఆమె బడికి రాలేదు. వలసపోయి ఉంటుందిలే అనుకున్నాను. అలా అనుకోవడం సుఖం కదా.

మొన్న వనపర్తి బస్టాండులో ఎదురైంది. తమ్ముణ్ణి హాస్టల్లో చేర్చడానికి వచ్చిందట. శాలువా సంగతి, ఆ ఎత్తిన చెయ్యి సంగతి, అన్నీ ఒప్పుకున్నాను. క్షమిస్తుందని ఆశపడ్డానేమో. క్షమించలేదు, కోప్పడనూ లేదు. ఒక్క మాట అంది. అప్పటినుంచి నా జ్ఞాపకమంటేనే నాకు భయం. ఇది రాస్తుంటే రాయి కాస్త జరిగింది, అంతే. ఆ మాటను ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

“చెయ్యెత్తిన్నా? అబద్ధం సార్. నేను లోపల్నే లేను. పెద్దసార్లు చూస్తే బాగుండదని, తమ్ముణ్ణి ఎత్తుకొచ్చినందుకు మీరే నన్ను బయట నిలబెట్టిండ్రు. వాడు సంకల ఉండంగనే, కిటికీలకెల్లి అంతా విన్న.”