కడుగుడక్క, కుందేలు

ఆ ప్రయోగశాలలో ఆమె అందరికీ కడుగుడక్క. ఇరవై రెండేళ్లుగా అక్కడ టెక్నీషియన్. మూడుసార్లు కడగమని కాగితంలో రాసి ఉంటే ఆమె నాలుగుసార్లు కడుగుతుంది. ఆమె చేతిలోంచి వచ్చిన గాజు సీసాని బల్లమీద పెడితే, వెలుగు వచ్చి అందులో కాసేపు కూర్చుని వెళుతుంది. గులాబీరంగు ద్రవంలో పెరిగే కణాలంటే ఆమెకు కడుపున పుట్టినవాళ్లంత ముద్దు. పొద్దున రాగానే వాటిని దాచే వెచ్చటి పెట్టె తలుపు తీసి, "ఏం చేస్తున్నారర్రా?" అని పలకరిస్తుంది.

ఈమధ్య వాటిని చంపాల్సిన పని పడింది.

పని పరిశోధన చేసే అమ్మాయిది. మనిషి సన్నం, మాట చురుకు. క్యాన్సర్ కణాలకు ఆమె ఒక కొత్త మందు పెడుతోంది. మందు పనిచేస్తే కణం తనంతట తానే చావడానికి సిద్ధపడుతుంది. అప్పుడు దాని లోపల కాస్పేజ్ అనే ప్రోటీన్ తెగుతుంది. ఆ తెగిన ముక్కను మాత్రమే పట్టుకునే యాంటీబాడీ ఒకటి చిటికెనవేలంత గొట్టంలో వస్తుంది. కుందేలు నుంచి తీసింది కాబట్టి అక్క దాన్ని కుందేలు అనే పిలుస్తుంది. తెగిన ముక్క ఉంటే తెల్లటి పొరమీద నల్లగా ఒక గీత పడుతుంది. లేకపోతే పొర తెల్లగానే ఉండిపోతుంది.

మూడు వారాలుగా తెల్లగానే ఉంది.

"నీ కుందేలు అలిగినట్టుందక్కా," అంది అమ్మాయి.

"పనిచేయనప్పుడు నాదైపోయిందా? అలిగితే, తెగిన ముక్క వేసి కంపెనీ పంపిన నమూనా మీద గీత ఎందుకు పడుతోంది? అది మెలకువగానే ఉంది. మన దగ్గరే దానికి దొరికేదేం లేదు."

"అంటే నా మందే దండగ."

అక్క నాలిక కరుచుకుంది. శుక్రవారం పెద్దసారు చూస్తానన్నారు. అప్పటికీ గీత లేకపోతే ఆ పిల్ల మూడేళ్ల పని అటకెక్కినట్టే. గొట్టంలో చూస్తే కుందేలు ఒక్కసారికి సరిపడా చుక్క మిగిలింది. కొత్తది రావాలంటే రెండు నెలలు.

సాయంత్రం ఇంట్లో గిన్నెలు తోముతుంటే భర్త వచ్చాడు. ఆయన బస్సు కండక్టరు.

"ఏంటి, ఆ గిన్నెకు చిల్లు పెట్టేలా ఉన్నావు?"

"ఆ పిల్ల కణాలు చావట్లేదండీ."

"కాళ్లు కడుక్కోకముందే చెప్పాల్సిన మాటేనా ఇది?"

"నవ్వకండి. మందు పెట్టాక వెతుకుతాం. కణాలు పెరిగే పళ్లెం అడుగున అంటుకున్నవన్నీ గుండ్రాళ్లలా బతికే ఉంటాయి."

"మరి చచ్చేవి కూడా అంటుకునే ఉంటాయా?"

"ఎందుకుంటాయి? పట్టు వదిలేసి పైకి తేలతాయి."

"ఇంకేం మరి. బస్సు దిగినవాళ్లని సీట్లలో వెతికితే దొరుకుతారా? స్టాపులో చూడాలి."

అక్క చేతిలో గిన్నె ఆగిపోయింది. కుళాయి నీళ్లు దాని అంచు దాటి, నురగను మోసుకుంటూ, చల్లగా వెళ్లిపోతున్నాయి. ఇరవై రెండేళ్లుగా ఆమె పెంచింది బతికేవాటినే. తేలినవి చెత్త. వాటిని ద్రవంతో సహా ఒంపేసి, ఆపైన నాలుగుసార్లు కడగడం ఆమె చేతికి ఊపిరంత అలవాటు.

మర్నాడు అమ్మాయి సంచి కూడా దించకముందే అక్క చెప్పేసింది. "నీ పని పాడుచేసింది నేనే తల్లీ. చచ్చేవాటినన్నిటినీ రోజూ నేనే పారబోశాను."

మూడు వారాలు అమ్మాయి ముఖంమీద ఒక్కొక్కటే కదిలి వెళ్లాయి.

"చావబోయేవాళ్లకు నాలుగు స్నానాలా అక్కా?" అంది చివరికి.

"తిట్టు, పడతాను."

"తర్వాత తిడతాలే. ముందు పళ్లెం తియ్యి."

మందు పెట్టిన పళ్లెం ఒకటి పెట్టెలో సిద్ధంగా ఉంది. అక్క దాన్ని చేతిలోకి తీసుకుంది. చెయ్యి దానంతటదే చెత్తద్రవం సీసావైపు వంగింది. అమ్మాయి ఆమె మణికట్టు పట్టుకుంది. "అక్కా, చెయ్యి." ఇద్దరూ పకపకా నవ్వారు.

ఆ ద్రవాన్ని యంత్రంలో గిరగిరా తిప్పితే గొట్టం అడుగున ఓ తెల్లటి నలుసు చేరింది, పువ్వు దులిపితే రాలే పుప్పొడంత. దాన్ని పళ్లేనికి అంటుకున్నవాటితో కలిపి కరిగించి, పోలికకు మందు పెట్టనివాటితో పాటు పొరమీదకు ఎక్కించారు. మిగిలిన ఆ ఒక్క చుక్క కుందేలునీ దానిమీదకు వదిలి, చల్లగదిలో పెట్టి ఇళ్లకు వెళ్లారు.

గురువారం మధ్యాహ్నం పొరమీద గీత పడింది. కాటుక దిద్దినట్టు, నల్లగా. మందు పెట్టని కణాల గడిలో ఏమీ లేదు. అమ్మాయి అక్క భుజంమీద తల ఆనించి, అలాగే చాలాసేపు చూసింది.

శుక్రవారం పెద్దసారు పొరలన్నీ వరసగా పెట్టుకున్నారు. "ఇది బాగుంది. మరి ఇన్నాళ్లూ ఎందుకు పడలేదు?"

అమ్మాయి ఏదో సర్దిచెప్పబోయింది. అక్క ముందుకొచ్చింది. "నేను పారబోశానండీ. శుభ్రంగా."

"ఎన్నిసార్లు కడిగారేంటి?"

"నాలుగు."

"కాగితంలో మూడేగా?"

"మూడింటితో నాకు మనసొప్పదండీ."

ఆయన కళ్లజోడు తీసి, నవ్వాపుకోవడానికి తుడుచుకున్నారు. "కొత్త గొట్టం తెప్పిస్తాను. ఇంకో రెండుసార్లు ఇదే గీత చూపించండి. మందు సంగతి అప్పుడు మాట్లాడదాం." అటక ఎక్కాల్సిన పని బల్లమీదే నిలిచింది.

సోమవారం పొద్దున అక్క పెట్టె తలుపు తీసింది. వెచ్చటి గాలి ముఖానికి తగిలింది.

"ఏం చేస్తున్నారర్రా?" అంది. ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించి, "దిగేవాళ్లు కాస్త ముందే చెప్పండి," అంది.