చందమామను కొలవబోయిన గొలుసాయన

మా వరసలో మూడో వాటా గొలుసాయనది. సర్వే ఆఫీసులో ముప్పై ఏళ్ళు నేల మీద గొలుసు పరిచి కొలిచినవాడు. నేను చదివింది ఐదో తరగతే, అయినా అడగనిదే నాకు అన్నం అరగదు. ఓ సాయంత్రం మేడల మీదికి చందమామ వస్తుంటే ఆయన్ని పట్టుకున్నాను.

"తమ్ముడూ, చందమామ ఇంత దూరమని పుస్తకాల్లో రాస్తారే, అక్కడిదాకా గొలుసు లాక్కెళ్ళిందెవరు?"

"వెళ్ళక్కర్లేదక్కయ్యా. ఈ పెన్సిలు ముక్కు ముందు పెట్టి ఓ కన్ను మూయి. ఇప్పుడు అది తెరిచి రెండోది మూయి."

పెన్సిలు గోడ మీద ఇటు నుంచి అటు గెంతింది. చెయ్యి చాచి పట్టుకుంటే గెంతు తగ్గింది. దగ్గరిది ఎక్కువ గెంతుతుంది, దూరానిది తక్కువ. కళ్ళ మధ్య ఎడమెంతో, గెంతు ఎంతో తెలిస్తే దూరం లెక్కకు దొరుకుతుందట.

"మరి చందమామ గెంతదేం?"

"మన కళ్ళ ఎడం చాలదు. ఓ కన్ను ఇక్కడ, ఇంకోటి రెండు రోజుల రైలు దూరంలో ఉండాలి. ఇద్దరూ ఒకే నిమిషంలో చూసి, పక్కనున్న చుక్కకు చందమామ ఎంత ఎడంగా ఉందో కొలవాలి. చుక్కలకైతే భూమంతా కూడా చాలదు. ఇవాళ చూసి, ఆరు నెలలకు భూమి సూర్యుడి అవతలికి చేరాక మళ్ళీ చూస్తారు."

"నువ్వు చందమామను కొలిచావా?"

"ఆశే. రెండో కన్ను లేదు."

ఎందుకు లేదు? అంత దూరాన సొంత అన్న ఉన్నాడు. తొమ్మిదేళ్ళ కిందట, అన్న గోడ పక్కవాళ్ళ స్థలంలోకి వచ్చిందని తేల్చి, హద్దురాయి మూరెడు లోపలికి పాతించింది ఈయనే. "కొలతలే నీ తోబుట్టువులు" అని అన్న ఇల్లమ్ముకుని వెళ్ళిపోయాడు. అప్పటినుంచీ మాటల్లేవు. నంబరు మాత్రం ఈయనకు నోటికొచ్చు.

"చందమామ వంకనైనా పలకరించవయ్యా" అని వారం పోరాను.

ఆఖరికి చేశాడు. ఫోను స్పీకరులో పెట్టించాను, ఊరుకుంటానా.

"అన్నయ్యా, నేను. అక్కడ చందమామ కనబడుతోందా?"

"కనబడుతోంది. ఏం, అదీ హద్దు దాటిందా?"

ఈయన సంగతి వివరించి, చందమామ నుంచి ఏ చుక్క దాకా కొలవాలో చెప్పాడు. అక్కడ ఆయన స్కేలు వెతుక్కున్నాడు. ఇద్దరూ చెయ్యి చాచి, ఒక కన్ను మూసి చూశారు.

"నాకు నలభై రెండు మిల్లీమీటర్లు. నీకు?" అన్నాడు ఈయన.

"నలభై ఐదు."

గొలుసాయన మొహం వెలిగి, అంతలోనే చిన్నబోయింది.

"చెయ్యి పొడుగైతే స్కేలు ఎక్కువ చూపిస్తుంది అన్నయ్యా. నీ చెయ్యి నాకన్నా పొడుగు."

"పొడుగే. నా పాత చొక్కాలు తొడుక్కుని చేతులు మడుచుకునేవాడివి కదరా."

"కంటి నుంచి స్కేలు దాకా ఎంతుందో కొలిచి చెప్పు."

"ఒక చేతిలో స్కేలు, రెండో చేతిలో ఫోను. కొలిచిపెట్టేవాళ్ళు నాకిక్కడెవరున్నార్రా?"

"నేనొచ్చి కొలుస్తాను."

ఈయన స్కేలు అలాగే చాచి పట్టుకుని నిలబడ్డాడు, చందమామ మబ్బులోకి పోయినా సరే.

"పొద్దుటి బండి ఎక్కితే" అంది ఫోను, "ఎల్లుండి చీకటి పడకముందే దిగుతావు."