సున్నం పూయని మామిళ్ళు

రాతిపువ్వు అంటే వన్ టౌన్ మసాలా కొట్లలో అమ్మేదే అందరికీ తెలుసు. చెట్ల బెరడు మీద, బండల మీద పొలుసుల్లా పెరిగే లైకెన్లలో అదొక రకం మాత్రమే. తొంభైల్లో వృక్షశాస్త్ర పరిశోధన చేస్తూ, విశాఖ చుట్టూ తోటల్లో వాటి జాబితా రాసేవాణ్ణి.

అందులో రెండు దగ్గరి జాతులు చూపుకి కవలలే. రెండూ బూడిద రంగు, రెండింటికీ ముడతల అంచులు. ఒకటి పోర్టు దుమ్మునూ ఫ్యాక్టరీ పొగనూ కొంత తట్టుకుని రోడ్డు పక్క చెట్లకూ పట్టేది. రెండోది గాలి బాగున్న పాత తోటల్లోనే బతికేది. మా జాబితాలో దాని పక్కన 'ప్రమాదంలో ఉంది' అని ఉండేది. తేడా తెలియాలంటే పై పొర గీకి బ్లీచింగ్ నీళ్ళ చుక్క వేయాలి. అరుదైనది ఎర్రబడుతుంది, మామూలుది మారదు.

తగరపువలస దగ్గర మామిడితోటకు వెళ్ళిన రోజు ఆ సీసా గోపాలపట్నంలో నా గదిలోనే మరిచిపోయాను. మళ్ళీ వెళ్ళి రావడానికి బద్ధకించి, నమూనా పొట్లం మీద 'మామూలు రకం' అని రాసేశాను. అంతటితో ఊరుకున్నానా?

"సెట్లకి ఈ మచ్చలేటి బాబూ, తెగులా?" అని రైతు అడిగితే, "గీకేసి సున్నం పూసెయ్యండి" అని అన్నీ తెలిసినవాడిలా చెప్పాను.

పదేళ్ళ తర్వాత పాత పొట్లాలు సర్దుతూ ఆ నమూనా మీద చుక్క వేశాను. ఎర్రబడింది.

మర్నాడే ఆ సీసా జేబులో వేసుకుని బస్సెక్కాను. దారంతా సున్నం కొట్టిన చెట్ల మొదళ్ళే కళ్ళ ముందు.

రైతు అరుగు మీద ఉన్నాడు. పలకరింపు కూడా లేకుండా, "సున్నం పూశారా?" అన్నాను.

"తెచ్చినాను బాబూ," అన్నాడు తల గోక్కుంటూ. "రేపు పూత్తాను, ఎల్లుండి పూత్తాను అనుకుంతంటే..."

"ఏ రేపు? ఆ సున్నం నాను గోడలకి పూసీసినాను," అంది లోపల్నించి ఆయన భార్య. "కాయ కొయ్యడానికే సెట్టెక్కడు, సున్నమేత్తాడంట!"

తోటలోకి పరుగెత్తాను. బెరడు నిండా ఆ బూడిద రంగు మచ్చలు అరచేతులంతేసి ఉన్నాయి. చుక్క వేశాను. ఎర్రబడింది.

వెనకే వచ్చిన ఆ ఇద్దరికీ నిజం చెప్పాను. ఆ రోజు పరీక్షే చేయలేదని, వీటివల్ల చెట్టుకు హాని లేదని, నా సలహా తప్పని.

రైతు భార్య వైపు గర్వంగా చూశాడు. "సూసినావా?"

"సాల్లే, సంబడం. ఇన్నాళ్ళకి నీ బద్దకం పనికొచ్చినాది."

నా బద్ధకం మాత్రం ఎందుకూ పనికిరాలేదు. తిరిగొచ్చి ఆ పొట్లం మీద పాత మాట చదవడానికి వీలుగానే కొట్టేసి, కింద సరైన పేరు, 'మొదట పరీక్షించకుండా రాశాను' అన్న మాట రాసి, నా సంతకం పెట్టాను.