ఏటి నీళ్ల మీదికి తోసిన జ్వరం

ఈ మాట ఎన్నేళ్లుగానో నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగుడు పడదు, బయటికీ రాదు. పేరు చెప్పను. మెదక్‌లో పసిపిల్లలకు టీకాలు వేసే నర్సును, అంతవరకు తెలిస్తే చాలు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

సూది వేసే ముందు తల్లికి చెప్పాల్సినవి కొన్ని ఉంటాయి. ఇది దేనికి, వేశాక ఏమవుతుంది, జ్వరం వస్తే ఏం చేయాలి, మళ్లీ ఎప్పుడు రావాలి. నేను మొదటిదీ చివరిదీ చెప్పేదాన్ని. నడుమనున్న జ్వరం ముచ్చట మింగేసేదాన్ని. ఎందుకంటే ఒకసారి చెబితే, ఒకామె పిల్లాణ్ని చంకనేసుకుని వచ్చిన దారినే వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. సూది తప్పిపోవడం కంటే ఒక మాట తప్పిపోవడం నయం కదా అనుకున్నాను. అది పిల్లల మీద ప్రేమా, పని తొందరగా తెమిలిపోవాలన్న ఆత్రమా? అప్పుడూ తేలలేదు, ఇప్పుడూ తేలడం లేదు.

సుగుణ పాపన్నపేట వైపు పల్లె నుంచి వచ్చింది. తొలి కాన్పు, నెలన్నర ఆడపిల్ల. తొడకు సూది వేసి పంపించాను. ఇంటికి పోతూ పోతూ ఏడుపాయల అమ్మవారి గుడి దగ్గర ఆటో దిగిందట. మొక్కు ఉందని మంజీర నీళ్లు దోసిట పట్టి పిల్ల నెత్తిన చల్లి, కాళ్లు తడిపిందట. సాయంత్రానికి పిల్ల ఒళ్లు కాలిపోయింది.

మర్నాడు సుగుణ అత్త పిల్లను ఎత్తుకుని వచ్చింది. సుగుణ వెనకాలే వచ్చి గుమ్మం దగ్గర ఆగిపోయింది.

“సిస్టరమ్మా, జర చూడుండ్రి. గీమె పసిపిల్లను ఏట్ల తడిపింది. గందుకే గదా జరమొచ్చింది?” అంది అత్త.

పిల్ల తొడ పట్టి చూశాను. సూది వేసినచోట గట్టిగా, ఎర్రగా వాచి ఉంది. నాకు అర్థమైంది. సూదికే వచ్చింది, తగ్గిపోతుంది అంటే అయిపోయేది. కానీ మరి నిన్న ఎందుకు చెప్పలేదని అడుగుతుంది. బయట వరసలో ఉన్న తల్లులంతా వింటారు.

“నెలన్నర పిల్లను ఏట్ల ఎట్ల తడుపుతరమ్మా? జర సోయి ఉండాలె,” అన్నాను. సుగుణ వైపు చూసి మరీ అన్నాను.

ఆమె తల దించుకుంది. మందిచ్చాను, జ్వరం తగ్గింది, పిల్లకేం కాలేదు. మరి ఇంత బాధ దేనికంటారా?

ఆ రోజు నుంచి పిల్లకు నీళ్లు పోయడం అత్త చేతికి పోయింది. సుగుణ తన బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుని మళ్లీ ఒక్కనాడూ స్నానం చేయించలేదు. ఈ సంగతి తర్వాతి సూదికి వచ్చినప్పుడు అత్తే గొప్పగా చెప్పింది. పక్కన సుగుణ ఖాళీ చేతులతో నిలబడి ఉంది. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. పైగా ఆ తర్వాతి సూదులకు పిల్లకు జ్వరం రాలేదు. నా అబద్ధానికి అదే సాక్ష్యమైంది. నిజంగా నీళ్లకే వచ్చిందేమో, చలిగాలి తగిలిందేమో అని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానంటే, ఇప్పుడు ఏది జరిగిందో, ఏది నేను అల్లుకున్నదో గజిబిజిగా ఉంది. కానీ ఆ గట్టి తొడ నా వేళ్లకు గుర్తుంది.

ఇప్పుడు ఏ తల్లికైనా అన్నీ చెబుతున్నాను. వింటారు, వేయించుకుంటారు, మళ్లీ వస్తారు. ఇన్నాళ్లూ నేను భయపడింది దేనికి?

ఈ మధ్య సుగుణ రెండో బిడ్డతో వచ్చింది. పెద్దది బడికి పోతోంది. ఈసారి అత్త రాలేదు. “జరం రావచ్చు, బుగులు పడకు,” అని అందరికీ చెప్పినట్టే చెప్పాను. ఆమె నా మొహంలోకి చూసింది.

“అయితే పెద్దదానికి గూడ సూదికే వచ్చిందా, సిస్టర్?”

ఒక్క మాట చాలు. నోరు తెరిచాను కూడా. “ఒక్కో పిల్లది ఒక్కో తీరు,” అని తర్వాతి పిల్లను పిలిచాను.

సుగుణ బిడ్డకు బట్ట కప్పుతూ అంది, “దీనికి గూడ మా అత్తనే నీళ్లు పోస్తది. నేను ముట్ట.”

అవును సుగుణా, సూదికే వచ్చింది. నీ చేతుల్లో ఏ తప్పూ లేదు. నీకు చెప్పాల్సింది ఎవరికో చెబుతున్నాను, ఇది ఒప్పుకోవడమో, ఇంకోసారి తప్పించుకోవడమో నాకే తెలియదు. గొంతులోది మాత్రం కొంచెం కదిలింది.