వెనక సీట్లో ఊపిరి

మా ఇంటికి కొత్తగా ఎవరొచ్చినా నా భార్య స్వరూప మంచినీళ్లు ఇవ్వడానికి ముందే ఒక మాట చెప్తుంది. "మా ఆయన కారుకు ఊపిరాడకుండ జేసి సంపిండు, మీకు తెల్సా?" అని. వచ్చినవాళ్లు నావైపు చూస్తారు. నేను గోడ మీది క్యాలెండర్ వైపు చూస్తాను. ఆమె చెప్పే కథలో ఉప్పూకారం ఎక్కువ. అందుకే నా పరువు నేనే తీసుకుంటే కొంతలో కొంత నయమని ఇది రాస్తున్నాను. ఒక కారు చచ్చింది, ఒక పెద్దామె అన్నం మానేసింది, నేను పట్టపగలు దయ్యానికి జడుసుకున్నాను. మూడింటికీ కారణం నేనే.

ముందు నా ఉద్యోగం ఏమిటో చెప్పాలి. మీరు బాగా నవ్వాలంటే అది తెలియాలి. గోదావరిఖని దగ్గర బాయిలో నాది వెంటిలేషన్ పని. బొగ్గుగనిని మేము బాయి అనే అంటాం. పైన పెద్ద ఫ్యాను తిరుగుతుంటే ఒక దారిన మంచిగాలి లోపలికి వస్తుంది, ఇంకో దారిన చెడుగాలి బయటికి పోతుంది. లోపల ఎక్కడ గాలి ఆడుతుందో, ఎక్కడ ఆడటం లేదో చూసుకోవడం నా డ్యూటీ. గాలి వచ్చే దారికి ఏదీ అడ్డం ఉండకూడదు. ఈ ఒక్క ముక్కను కొత్తగా చేరినవాళ్లకు ఎన్నిసార్లు చెప్పానో నాకే గుర్తులేదు. అడగనివాళ్లకు కూడా చెప్పాను. మా పెళ్లి మండపంలో వెనక కట్టిన గుడ్డ తీయించి గాలికి దారి పెట్టించానని స్వరూప ఇప్పటికీ దెప్పుతుంది.

ఈ పని నాకు నేర్పింది రాజమల్లు కాక. మా క్వార్టర్ల వరుసలోనే చివరి ఇల్లు ఆయనది. "గాలి దారిల అడ్డం పెట్టుడంటే మనిషి గొంతు మీద కాలు పెట్టుడేరా శంకరూ" అనేవాడు. అంతమందికి గాలి పంపిన మనిషికి చివరికి తన గాలే కరువైంది. దశాబ్దాలపాటు మింగిన బొగ్గు దుమ్ము ఛాతీలో కూర్చుంది. నాలుగడుగులు వేస్తే ఆగి "హూ...ఊ..." అని పొడుగ్గా ఊపిరి లాగేవాడు.

రిటైరయ్యాక ఆయన ఒక పాత హైబ్రిడ్ కారు కొన్నాడు. కొంతసేపు పెట్రోలు మీద, కొంతసేపు బ్యాటరీ మీద నడిచే పెద్ద బండి. బ్యాటరీ మీద నడిచేటప్పుడు దానికి చప్పుడే ఉండదు. చలికాలం పొద్దున మా దగ్గర మంచు, బొగ్గు పొగ కలిసి పది అడుగుల ముందు ఏముందో కనబడదు. అందులోంచి ఈ తెల్ల కారు సద్దు లేకుండా వచ్చి మనిషి పక్కనే ఆగేది. పాలు పోసే ఎల్లవ్వ రెండుసార్లు క్యాన్లు వదిలేసి ఉరికింది. దానికి దయ్యం బండి అని పేరు పెట్టింది ఆమే.

ఆ దయ్యం బండికి డ్రైవర్ని నేను. డ్యూటీ లేనప్పుడల్లా కాకను దవాఖానకు తీసుకుపోయేవాణ్ని. వెనక ఎడమపక్క సీటు ఆయనది. కుడిపక్క ఆయన భార్య లచ్చవ్వ చిన్నమ్మ. వాళ్లకు పిల్లలు లేరు. పెద్దపల్లి తోవలో రైలు గేటు పడితే ఇంజిన్ దానంతట అదే ఆగిపోయేది. ఆ నిశ్శబ్దంలో వెనక నుంచి కాక ఊపిరి వినబడేది. "హూ...ఊ..." నాకు అలవాటైపోయింది.

ఆ చలికాలం చివర్లో కాక పోయాడు.

దినాలయ్యాక చిన్నమ్మ తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది. "బండి నువ్వే ఉంచుకో బిడ్డా. ఐతారం ఐతారం నన్ను పెద్దపల్లికి మా చెల్లె ఇంటికి తోల్కపో. గంతే" అంది. నేను ఉబ్బిపోయాను. కారున్నవాణ్నయ్యానని బాయిలో అందరికీ స్వీట్లు పంచాను.

మొదటి ఐతారం, అంటే ఆదివారం. ఎండ అప్పుడప్పుడే ముదురుతోంది. చిన్నమ్మ వెనక కుడిపక్కే కూర్చుంది. ఎడమపక్క ఖాళీ. గేటు పడింది, ఇంజిన్ ఆగింది. బొగ్గు రైలు డబ్బా తర్వాత డబ్బా పోయి పోయి, దాని తోక కూడా కనబడకుండా పోయింది. గేటు మాత్రం తియ్యలేదు. ఎక్కడా చప్పుడు లేదు.

"హూ...ఊ..."

వెనక నుంచి. ఎడమపక్క నుంచి.

అద్దంలో చూశాను. సీటు ఖాళీగానే ఉంది. చిన్నమ్మ అరచెయ్యి ఆ ఖాళీ సీటు మీద ఉంది.

"చిన్నమ్మా, నీకేమన్న ఇనవడ్డదా?"

"ఏంది బిడ్డా?"

"ఏం లేదు. గేటు... గేటు తీస్తున్నరు."

గేటు తియ్యలేదు. ఇంకో రైలు వచ్చేదాకా నేను ఆ ఊపిరిని లెక్కపెడుతూ కూర్చున్నాను. పెద్దపల్లిలో చెల్లెలింట్లో చిన్నమ్మ చాయ్ తాగి వెంటనే లేచింది. "పోదాం పా బిడ్డా, మల్ల గేటు పడ్తదేమో" అంది. గేటు పడాలని కోరుకునే మనిషిని నేను అప్పుడే మొదటిసారి చూశాను.

ఇంకో రెండు ఐతారాలు ఇదే జరిగింది. మూడో ఐతారం ఇంటికొచ్చి స్వరూపను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరికి వేశాను.

"రాజమల్లు కాక బండిల్నే ఉన్నడే."

"ఉంటే ఉండనీ. ఉన్నప్పుడు ఎన్నడన్న నిన్ను ఒక్క మాటన్నడా?"

"గది కాదే. సచ్చిపోయినోడు ఊపిరెట్ల తీస్తడు?"

"తీసుకోనియ్యి. బతికున్నప్పుడు సక్కగ తీసుకోకపాయె." ఆమె ఉల్లిగడ్డ తరగడం ఆపి నావైపు చూసింది. "ఇను. చిన్నమ్మకు నేనే బువ్వ వెడ్తున్న గద, ఐతారం నాడు ఒక్కనాడే కడుపునిండ తింటున్నది. కడమ దినాలు పళ్లెం ముంగట వెట్టుకొని గోడ దిక్కు సూస్తది. నువ్వు నోర్మూసుకొని బండి నడుపు."

నడిపాను. ఎండలు ముదిరేకొద్దీ ఊపిరి కూడా పెరిగింది. ఒంటరిగా పోతున్నా వెనక అదే "హూ...ఊ...". పాటలు పెట్టుకుంటే పాట అయిపోయి ఇంకో పాట మొదలయ్యే సందులో వినబడేది. చివరికి ఒక మధ్యాహ్నం మా ఇంటి పక్క షెడ్డులో కారు ఆన్ చేసి, వెనక తలుపు తెరిచి, కాకకు నాలుగు అగరొత్తులు వెలిగించాను. "కాకా, నీకేం గావాల్నో చెప్పు, నన్ను మాత్రం ఇడిచిపెట్టు" అన్నాను.

అప్పుడు చూశాను. ఎడమపక్క సీటు అంచున సన్నటి రంధ్రాల చిన్న జాలీ ఒకటి ఉంది. అగరొత్తి పొగ గాలిలో తేలి, ఒక్క క్షణం ఆగి, మెల్లగా వంగి, ఎవరో పీల్చుకుంటున్నట్టు ఆ జాలీలోకి పోయింది. మొత్తం పోయింది. ఒక్క పోగు బయట మిగల్లేదు.

ఇక్కడ కాసేపు ఆగండి. బాయిలో గాలి ఎటు పోతుందో తెలియకపోతే మేము చేసే పని సరిగ్గా ఇదే. కొంచెం పొగ వదిలి చూస్తాం. పొగ ఎటు పోతే గాలి అటు. పొగ లోపలికి పోతే అది గాలి వచ్చే దారి, దానికి ఏదీ అడ్డం ఉండకూడదు. ఈ పాఠం వందలమందికి చెప్పిన మేధావి ఆ మధ్యాహ్నం ఏం నిర్ణయానికి వచ్చాడో తెలుసా? కాక లోపల కూర్చుని పొగ పీలుస్తున్నాడని!

పరుగున ఇంట్లోకి పోయి ఒక పాత బ్రాటిస్ గుడ్డ ముక్క తెచ్చాను. బాయిలో గాలిని ఆపి దారి మళ్లించడానికి కట్టే మందపాటి గుడ్డ అది. గాలి చొరబడదు. దాన్ని నాలుగు మడతలు పెట్టి జాలీలో కుక్కాను. "ఏమనుకోకు కాకా" అని మరీ కుక్కాను. ఊపిరి ఆగిపోయింది.

మరుసటి ఐతారం గేటు దగ్గర ఇంజిన్ ఆగింది. రైలు పోయింది. నిశ్శబ్దం. నిజమైన, కమ్మటి నిశ్శబ్దం. నేను ఈల వెయ్యబోయి అద్దంలో చిన్నమ్మ మొహం చూశాను.

ఆమె ఖాళీ సీటు వైపు వంగి చెవి పెట్టి వింటోంది. గేటు లేచింది. వెనక లారీలు హారన్లు కొడుతున్నాయి.

"జర ఆగు బిడ్డా."

"చిన్నమ్మా, ఎనక బండ్లున్నయ్..."

"ఒక్క నిమిషం ఆగు. ఇంకొంచెం సేపైతే ఊపిరి తీస్తడు." హారన్లు పెరిగాయి. ఆమె మెల్లగా వెనక్కి వాలింది. "పోయిండు" అంది.

అప్పుడు తెలిసింది నాకు. చెల్లెలి ఇల్లు వట్టి సాకు. ఆమె వారం వారం వచ్చేది ఆ గేటు దగ్గరికి, ఆ ఊపిరి కోసం. ఆ రోజు ఐతారమే అయినా చిన్నమ్మ అన్నం ముట్టలేదు. ఆ వారమంతా స్వరూప జావ కాచి, బతిమాలి తాగించింది. నాకు సిగ్గేసి, గుడ్డ తీసేద్దామని రోజూ షెడ్డు దాకా పోయాను. తలుపు మీద చెయ్యి వెయ్యగానే ధైర్యం చాలక వెనక్కి వచ్చాను. ఇంత పిరికితనాన్ని ఇంట్లో పెట్టుకుని బాయిలోకి ఎట్లా దిగేవాణ్నో నాకే తెలియదు.

ఇంకో ఐతారం చిన్నమ్మే వచ్చి కారెక్కింది. "ఒక్కసారి సూద్దాం పా" అంది. మిట్టమధ్యాహ్నం, తారు కరిగే ఎండ. సరిగ్గా గేటు దగ్గర నా ముందున్న మీటర్ల మీద ఎర్ర త్రికోణం వెలిగింది. తర్వాత అన్ని దీపాలూ వెలిగాయి. తర్వాత ఒక్కటీ లేదు. బండి చచ్చింది.

"మీ కాకకు కోపమొచ్చినట్టున్నది" అంది చిన్నమ్మ. ఆమెను ఆటోలో ఎక్కించి, కారును లాగించి కరీంనగర్‌లో ఖాజా భాయ్ షెడ్డుకు చేర్చాను. హైబ్రిడ్ బండ్ల పని తెలిసిన మనిషి.

ఖాజా భాయ్ మోచేతుల దాకా రబ్బరు గ్లౌజులు తొడిగాడు. డిక్కీలోంచి నారింజ రంగు ప్లగ్గు ఒకటి లాగి జేబులో వేసుకున్నాడు. "ఇది నా జేబుల ఉన్నంతసేపే పని. దూరం ఉండన్నా, గీ బ్యాటరీ కరెంటు ముడితే మనిషి మిగలడు" అన్నాడు. వెనక సీటు ఊడదీశాడు. జాలీ వెనక చెయ్యి పెట్టి, నల్లటి గుడ్డను పాములాగా బయటికి లాగాడు.

"అరె అల్లా! ఇదేందన్నా?"

"గుడ్డ."

"గుడ్డనే, కండ్లున్నయ్ నాకు. ఎవడు కుక్కిండు?"

నేను షెడ్డు కప్పు వైపు చూశాను.

"గీ జాలీల్నించే బ్యాటరీకి సల్లగాలి పోతదన్నా. లోపట ఫ్యానుంటది, అది గుంజుతది. బ్యాటరీ ఏడెక్కినకొద్ది జోరుగ గుంజుతది. ముందే మీ బొగ్గు దుమ్ము తిని ఫ్యాను మూల్గుతున్నది, మీదికెల్లి ఈ గుడ్డ! ఊపిరాడక ఉడికిపోయింది పాపం. సూడు, ఎట్ల ఉబ్బిందో. మొత్తం బ్యాటరీ మార్చాలె." గుడ్డను అటూ ఇటూ తిప్పి చూశాడు. "గింత మంచి గుడ్డ బజార్ల దొర్కదు. గాలి సుక్క దూరదు. నువ్వేం పని జేస్తవన్నా?"

"బాయిల."

"బాయిల ఏం పని?"

"వెంటిలేషన్."

ఖాజా భాయ్ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. గ్లౌజులు తీసి పక్కన పెట్టి, నా భుజం మీద చెయ్యి వేసి, చావింటికి వచ్చిన మనిషిలాగా నిలబడ్డాడు.

కొత్త బ్యాటరీ తెప్పించాలి, వారాలు పడుతుందన్నాడు. ఫ్యాను కూడా కొత్తది వేస్తానన్నాడు. "తిరిగేది కూడ తెల్వదు. ఒక్క సప్పుడు రాదు."

"వద్దు భాయ్. పాతదే కడిగి వెయ్యి."

"పాతది మూల్గుతదన్నా!"

"నాకు మూల్గేదే కావాలె."

ఇంతకాలం ఆయన దగ్గరికి చప్పుడు ఆపమని వచ్చినవాళ్లే తప్ప, చప్పుడు చెయ్యమని వచ్చినవాడు లేడు. చిన్నమ్మ సంగతి చెప్పాను. ఆయన కాసేపు ఫ్యాను వైపు చూసి, "సరే, పాతదే వేస్త" అన్నాడు.

కారు వచ్చేసరికి వానలు మొదలయ్యాయి. ఆ ఐతారం ఎక్కే ముందు చిన్నమ్మతో అంతా చెప్పేశాను. జాలీ, గుడ్డ, ఫ్యాను, బ్యాటరీ. ఆమె చిక్కిపోయిన చెయ్యెత్తి నా నెత్తి మీద ఒక్కటిచ్చింది.

"మీ కాక నీకు ఏం నేర్పిండురా?"

"గాలికి అడ్డం పెట్టద్దని."

"మరేం జేసినవ్?"

"అడ్డం పెట్టిన."

"మిషినే గానీ, ఏదైతేంది బిడ్డా. నాకు గా సప్పుడు పక్కన లేకపోతే నిద్ర రాదు, బువ్వ దిగదు" అని కారెక్కి కుడిపక్క కూర్చుంది.

గేటు పడింది. ఇంజిన్ ఆగింది. సన్నటి ముసురు, చల్లటి గాలి. రైలు పోయింది. నేను స్టీరింగ్ పట్టుకుని మనసులో ఖాజా భాయ్‌కి మొక్కుకున్నాను.

"హూ...ఊ..."

అదే ఊపిరి. అదే ఎడమపక్క. చిన్నమ్మ అరచెయ్యి సీటు మీద పెట్టి కళ్లు మూసుకుంది. నాకు భయం వెయ్యలేదు, ఏడుపొచ్చింది. పాత ఫ్యానుకు ఇంత విలువుంటుందని ఎవరనుకుంటారు? ఇంటికొచ్చాక ఆమె రెండుసార్లు అన్నం పెట్టించుకుంది. స్వరూప చాలా రోజుల తర్వాత నావైపు మర్యాదగా చూసింది.

చేతులు కడుక్కుంటుంటే ఫోన్ మోగింది. ఖాజా భాయ్.

"భాయ్, నీ మేలు మర్చిపోను! అచ్చం అట్లనే మూల్గుతున్నది!" అన్నాను.

అటుపక్క రెంచీ కింద పెట్టిన చప్పుడైంది.

"ఏం మూల్గుతున్నదన్నా? మాఫ్ చెయ్, నేనే మర్చిపోయి కొత్త ఫ్యాను బిగించిన. మీ పాతది నా బెంచీ మీదనే ఉన్నది. అది జెప్దామనే ఫోన్ చేసిన."

అందుచేత, స్వరూప సాక్షిగా, మా బాయి మీద తిరిగే పెద్ద ఫ్యాను సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. బతికున్నవాళ్లది గానీ, పోయినవాళ్లది గానీ, బ్యాటరీది గానీ, ఈ జన్మలో ఎవరి ఊపిరికీ గుడ్డ అడ్డం పెట్టను. అది ఎవరి ఊపిరని ఎవరినీ అడగను. గేటు పడినప్పుడు అద్దంలోకి చూడను. పాత ఫ్యాను తెచ్చి మా అటక మీద పెట్టాను. దాని మీద కూడా గుడ్డ కప్పలేదు.