ఏప్రిల్ అంకెలను నమ్మని మనిషి

స్పిరిట్ అద్దిన దూదితో చర్మం మీద రుద్దితే, అది ఆరేటప్పుడు ఒక చల్లని వాసన వస్తుంది. రోజంతా ఆ వాసనలోనే బతికే నాకు మామూలుగా అది తెలియనే తెలియదు. ఏప్రిల్‌లో మాత్రం తెలుస్తుంది. షార్జాలో ఎండ ముదిరి, ల్యాబులో ఏసీ మళ్ళీ మోత మొదలుపెట్టే రోజులవి. పొద్దున్నే మొదటి పేషెంటు చేతికి రబ్బరు పట్టీ కట్టి దూది రుద్దగానే స్పిరిట్‌తో పాటు ఇన్‌స్టంట్ కాఫీ వాసన కూడా నా ముక్కుకు తగులుతుంది. ఇప్పుడక్కడ కాఫీ తాగేవాళ్ళు ఎవరూ లేరు. తాగే మనిషి పోయి చాలా ఏళ్ళయింది. ఆయన పేరు దేవదానం. నాకు పని నేర్పిన మనిషి.

2006 మొదట్లో నేను కడప నుంచి షార్జాలో రోలా అనే పేటలోని ఒక చిన్న ల్యాబుకు టెక్నీషియన్‌గా వచ్చాను. దేవదానం సార్ అక్కడ ఇన్‌ఛార్జి. తెనాలి మనిషి. అంతకు ముందు సౌదీలో అమెరికా వాళ్ళ ఆసుపత్రిలో చాలాకాలం పనిచేశారు. అక్కడి తెల్లవాళ్ళు ఆయనకు బేస్‌బాల్ పిచ్చి అంటించి వదిలారు. ఆట ఆడే పిచ్చి కాదు, జట్టు నడిపే పిచ్చి. అమెరికాలో నిజంగా ఆడే ఆటగాళ్ళలోంచి కొందరిని ఏరుకుని ఇదీ నా జట్టు అనుకోవడం. వాళ్ళు అక్కడ మైదానంలో బాగా ఆడితే ఇక్కడ మనకు పాయింట్లు. ఆడకపోతే తీసేసి ఇంకొకరిని పెట్టుకోవచ్చు. ఆ స్నేహితులంతా తలో దేశానికీ చెదిరిపోయినా, ఏటా వేసవి పొడుగునా ఇంటర్నెట్‌లో ఈ పోటీ నడుపుకునేవాళ్ళు. సార్ జట్టు పేరు తెనాలి ఎలెవన్. బేస్‌బాల్‌లో ఆడేది తొమ్మిదిమంది కదయ్యా అని వాళ్ళు నవ్వితే, మా ఊళ్ళో జట్టంటే పదకొండు మందే అని జవాబు రాసేవారట. తల నెరిసిన మనిషికి ఇదేం పనీపాటా లేని వ్యవహారం అనుకున్నాను నేను.

అనుకోవడానికి నాకు తీరిక మాత్రం ఎక్కడుంది? నేను ప్రొబేషన్‌లో ఉన్నాను. స్లైడు చూడమంటే కళ్ళకద్దుకునేటట్టు చూసేదాన్ని గానీ, సూది పట్టుకుంటే చెయ్యి వణికేది. కడపలో రక్తం తీసేవాళ్ళు వేరు, పరీక్ష చేసేవాళ్ళు వేరు. ఇక్కడ రెండూ ఒకరే. ఒకరోజు ఒక తల్లి నేను రెండోసారి పొడవబోతుంటే బిడ్డ చెయ్యి లాక్కుని వెళ్ళిపోయింది. ఏప్రిల్ దాటేలోపు పని రాకపోతే వీసా క్యాన్సిల్, ఖలాస్ అన్నాడు ముదీర్. అంటే మా మేనేజరు. ఇంటి దగ్గర నాన్నకు చూపు తగ్గి కుట్టుమిషను మూలపడింది. చెల్లెళ్ళిద్దరూ ఇంకా చదువుల్లో ఉన్నారు. నేను తిరిగిపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగడం కష్టం. ఈ సంగతి నేను సార్‌కు ఏడుస్తూ చెప్పలేదు, కోపంగా చెప్పాను. నాకు ఏడుపు వచ్చినా కోపంలాగే వస్తుంది.

ఆయన చొక్కా చేతులు పైకి మడిచారు. “రేపటి నుంచి పొద్దున్నే మొదటి చెయ్యి నాదే, నస్రీనమ్మా.”

“మీకు నొప్పి పుడుతుంది సార్.”

“పుట్టాలిగా. పుట్టకుండా పోయిన రోజు నీకు పనొచ్చినట్టు.”

అట్లా మొదలైంది. ఎడమ చెయ్యి నా బల్ల మీద, కుడి చెయ్యి కంప్యూటరు మౌసు మీద, పక్కన కాఫీ కప్పు. అమెరికాలో రాత్రి ఆటలు ముగిసేసరికి మాకు పొద్దున. నేను నరం కోసం తడుముకుంటుంటే ఆయన తన ఆటగాళ్ళ స్కోర్లు చూసుకునేవారు. “తీసింది పారబొయ్యకు, మెషీన్‌లో పెట్టు. నీ చెయ్యి ఎట్లా ఉందో అదే చెబుద్ది” అనేవారు. నిజమే. సూది సరిగ్గా దిగక అటూ ఇటూ తిప్పితే రక్తం ట్యూబులోనే గడ్డ కడుతుంది. అప్పుడు మెషీన్ ప్లేట్‌లెట్లను తక్కువగా లెక్కపెడుతుంది. మొదటిరోజు బాగా తక్కువ వచ్చింది. ఆయన పుల్లతో కలిపి చూస్తే నిజంగానే చిన్న గడ్డ తగిలింది. “ఇదిగో నీ వణుకు” అని పుల్ల చూపించి నవ్వారు. సాయంత్రానికి ఆయన మోచేతి దగ్గర పెద్ద మచ్చ కమిలింది. రిసెప్షన్‌లో కూర్చునే మలయాళీ పిల్ల బిందు నాకు కసాయి అని పేరు పెట్టింది.

ఆ ఏడు పోటీ మొదలైన ఏప్రిల్‌లోనే సార్ జట్టులో ఒక ఎడంచేతి బ్యాట్స్‌మన్ పరువు తీస్తున్నాడు. అందరికంటే ముందు ఏరుకున్నవాడు. రోజూ దిగుతాడు, రోజూ ఊరకే తిరిగొస్తాడు. కూర్చోబెట్టి మేపడమే కాబట్టి మేమతనికి అల్లుడని పేరు పెట్టుకున్నాం.

“ఈ అల్లుడిని ఎన్నాళ్ళు మేపుతారు సార్? తీసి పారెయ్యండి.”

“ఏప్రిల్ అంకెలు అంకెలే కావమ్మా. ఏళ్ళ తరబడి ఆడినోడు నాలుగు రోజుల్లో ఆట మర్చిపోతాడా? మావాళ్ళు కంగారుపడి ఇప్పుడు తీసేస్తారు. వాణ్ణి ఇంకొకడు ఎత్తుకుపోతాడు. జులైలో తల పట్టుకుంటారు.”

నెలాఖరుకు ముదీర్ ఆయన్ను లోపలికి పిలిచాడు, నా సంగతి తేల్చడానికే. అద్దం తలుపు అవతల సార్ గొంతు నాకు వినబడింది. “అభీ తో అప్రిల్ హై, ముదీర్.” ఇంకా ఏప్రిలే కదా అని. ఆ మాటకు ఆ మనిషికి ఏం అర్థమైందో దేవుడికే తెలియాలి. నాకు ఇంకో నెల గడువు దొరికింది.

మే నెలలో నా చెయ్యి కుదురుకుంది. ఎప్పుడు కుదురుకుందో నాకే తెలియలేదు. ఒకరోజు చంకలో పసిపిల్లతో వచ్చిన తల్లి, ఆ అమ్మాయి చేత్తోనే తీయించండి అని నన్ను చూపించింది. ఎవరి చేతి మీదా మచ్చ మిగలడం లేదు. సార్ చేతి మీద తప్ప. ఆయన చెయ్యి పైనుంచి కిందిదాకా ఊదారంగు తిరిగింది. ఆయన ప్లేట్‌లెట్లు మాత్రం మొదటిరోజు ఎట్లా ఉన్నాయో అట్లాగే అడుగున ఉన్నాయి, ఇంకా దిగాయి కూడా.

“సార్, ఒకసారి స్లైడు వేసి మైక్రోస్కోపులో చూద్దామా?”

“నా దగ్గరికొచ్చేసరికి నీకు భయమమ్మా. పెద్దోణ్ణని. చెయ్యి బిగుసుకుపోద్ది. ఇంకో వారం చూడు.”

నేను నమ్మాను. రెండో రోజుకు నమ్మకం పోయి కోపమొచ్చింది. నాకొచ్చిన పనిని ఈయన రాలేదంటాడేమిటి? మర్నాడు పొద్దున్నే బిందును కూర్చోబెట్టి, ఆమె చేతి నుంచీ తీశాను, సార్ చేతి నుంచీ తీశాను. ఒకే గంట, ఒకే రకం సూది, ఒకే చెయ్యి. బిందు అంకెలు ఎట్లా ఉండాలో అట్లా వచ్చాయి. రెండు ట్యూబులూ తీసుకెళ్ళి ఆయన కీబోర్డు ముందు పెట్టాను. పంతం కొద్దీ పెట్టాను. నా పని నాకొచ్చని నిరూపించుకోవడానికి పెట్టాను.

ఆయన తన ట్యూబు మూత తీసి పుల్లతో కలిపారు. పుల్లకు ఏమీ తగల్లేదు. మళ్ళీ కలిపారు. తరువాత తనే ఒక చుక్క తీసి స్లైడు వేసుకుని, రంగు పట్టించి, మైక్రోస్కోపు ముందు నాకు వీపు చేసి కూర్చున్నారు. కాఫీ మీద మీగడ కట్టింది. స్క్రీను మీద అల్లుడు ఆ రోజూ ఉత్త చేతులతోనే తిరిగొచ్చాడు.

“చెయ్యి కుదిరిందమ్మా నీకు” అన్నారు, ఇటు తిరక్కుండానే. “తప్పు నీది కాదు.”

ఆయన లేచి, చొక్కా చేతులు కిందికి దించి గుండీలు పెట్టుకుని, నేరుగా ముదీర్ గదిలోకి వెళ్ళారు. తన సంగతి చెప్పుకోవడానికి వెళ్ళారనుకున్నాను. నా ఉద్యోగం ఖాయం చేయించి బయటికొచ్చారు. అంతగా కోరుకున్న మాట విని, నేను ఆయన కాఫీ కప్పు తీసుకెళ్ళి సింకులో పారబోశాను.

వారం తిరిగేలోపు ఆయనా, భార్య కరుణమ్మగారూ హైదరాబాదు ఆసుపత్రికి బయల్దేరారు. రక్తం ఊరే చోటే, ఎముక మూలుగలోనే జబ్బు పట్టింది. బయల్దేరే రోజు వాళ్ళ ఫ్లాటుకు వెళితే కరుణమ్మగారు పెట్టెలు సర్దుతూ ఆగి నా తల నిమిరారు. సార్ తన జట్టు పాస్‌వర్డు నాకు చెప్పారు. “మార్పులేమీ చెయ్యకు. అల్లుణ్ణి తియ్యొద్దు” అన్నారు. జూన్‌లో అల్లుడు ఆడటం మొదలుపెట్టాడు. ఎట్లా ఆడాడంటే, బంతి పడ్డచోటు కనబడనంత దూరం కొట్టేవాడు. ఫోన్ కార్డు కొనుక్కుని ఆసుపత్రికి చేసి చెప్పాను.

“చూశావా” అన్నారు. గొంతు బాగా సన్నబడింది. “చెప్పానా లేదా?”

చెప్పారు సార్, అన్నాను. ఆగస్టులో కరుణమ్మగారు ఫోన్ చేశారు. అప్పటికి తెనాలి ఎలెవన్ రెండో స్థానంలో ఉంది.

నాకు ఇప్పటికీ ఆయన మీద కోపముంది. మనిషికీ ఆటకీ ఇచ్చే గడువును రక్తానికి ఎందుకిచ్చారని. ఒకరి స్లైడును నిమిషంలో తేల్చే మనిషి తన చెయ్యి దగ్గర ఎందుకు ఆగిపోయాడని. ఆ గడువు ఇవ్వని మనిషైతే నేను ఏప్రిల్‌లోనే కడప విమానం ఎక్కేదాన్ని కదా అని కూడా తెలుసు. ఈ రెండింటినీ విడదీయడం నాకు చేతకాలేదు.

తెనాలి ఎలెవన్‌ను ఇప్పుడు నేనే నడుపుతున్నాను. ఆయన స్నేహితులు ఆ పేరు తియ్యడానికి ఒప్పుకోలేదు. మొదటి నెలలో ఎవరినీ తీసెయ్యను. కొత్తగా చేరిన పిల్లలకు పొద్దున్నే నా చెయ్యే ఇస్తాను. అంకె తేడాగా వస్తే మాత్రం మీ చెయ్యిని తిట్టుకోకండి, ఇప్పుడే స్లైడు వెయ్యండి అని నిలబెట్టి వేయిస్తాను. వాళ్ళ చెయ్యి వణికినప్పుడు, పుల్లకు గడ్డ తగిలినప్పుడు, సారీ మేడమ్ అని మొహం చిన్నబుచ్చుకుంటారు. నాకేమో ఆ గడ్డను చూస్తే ప్రాణం లేచొస్తుంది. ఆ రోజు పొద్దున ఆయన పుల్లకు కూడా అంత చిన్న గడ్డ ఒకటి తగిలి ఉంటే, తప్పు నాదే అయి ఉంటే, పెట్టె సర్దుకుని కడపకు సంతోషంగా వెళ్ళిపోయేదాన్ని.